పెట్టె వెనకాల మట్టి ఎంత?

ఎండాకాలం ముదిరితే నల్లరేగడి చేను నెర్రెలు బాస్తుంది. పక్కనే ఉన్న ఎర్ర చల్క మీదా అదే ఎండ. అయినా ఆ నేల అంతగా పగలదు, పైపైన పొడిబారి ఊరుకుంటుంది. ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల దిక్కు ఎవుసం చేసిన ఏ ఇంటివాళ్లకైనా ఇది కొత్త సంగతి కాదు. ముఖానికి పూసుకునే మట్టి లేపనాల్లో ఏది ఎవరికి పనికొస్తుందో తేల్చేది కూడా సరిగ్గా ఈ తేడాయే.

నల్లరేగడిలో మాంట్‌మోరిల్లొనైట్ జాతి ఖనిజం పాలు ఎక్కువ. అది పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీళ్లు చేరితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. బజారులో బెంటొనైట్ పేరుతో దొరికే మట్టిలో ప్రధానంగా ఉండేది ఈ ఖనిజమే. రాజస్థాన్ గనుల నుంచి వచ్చే ముల్తానీ మట్టి కూడా చాలావరకు ఇదే కుటుంబం. ఎర్ర నేలల బంకలో కేవొలినైట్ ఎక్కువ. దాని పొరలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీళ్లను లోపలికి రానీయవు. పెట్టెల మీద కేవొలిన్ అని రాసి ఉండే తెల్లమట్టి అదే. ఎర్ర నేలకు ఆ రంగునిచ్చింది ఐరన్ ఆక్సైడ్.

100 గ్రాముల కేవొలినైట్ 3 నుంచి 15 మిల్లీ ఈక్వివలెంట్ల అయాన్లను పట్టుకుంటే, అంతే బరువున్న మాంట్‌మోరిల్లొనైట్ 80 నుంచి 150 దాకా పట్టుకుంటుంది. జిడ్డును పీల్చడంలోనూ రెండోదానిదే పైచేయి. అందుకే జిడ్డు ముఖానికి బెంటొనైట్, ముల్తానీ మట్టి సరిపోతాయి. పొడిచర్మానికీ తేలిగ్గా మండే చర్మానికీ కేవొలిన్ నయం. లేపనం ఆరుతుంటే ముఖం బిగుసుకుంటుంది కదా, మురికంతా బయటికి లాగుతోందని చాలామంది సంబరపడతారు. రేగడి చేను పగలడానికి ఏది కారణమో దీనికీ అదే కారణం. మట్టి ముడుచుకుంటోంది, అంతే. పూర్తిగా ఆరి పెచ్చులు కట్టేదాకా ఉంచుకుంటే చర్మంలోని తేమ కూడా పోతుంది. తడి ఆరీ ఆరకముందే, ఓ పది నిమిషాల్లో కడిగేసుకోవాలి.

మట్టితో ఒళ్లు శుభ్రం చేసుకోవడం మనకు కంపెనీలు నేర్పిన విద్య కాదు. షాంపూ పొట్లాలు రాకముందు తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు నల్లమట్టి నానబెట్టి తల రుద్దుకునేవాళ్లు. మొరాకోలో అట్లాస్ పర్వతాల దగ్గర తవ్విన ఘసూల్ మట్టితో అక్కడి ఆడవాళ్లు చేసిందీ ఇదే. శ్రావణ పౌర్ణమి ఉపాకర్మలో భస్మంతో, గోమయంతో పాటు మట్టినీ ఒంటికి పూసుకుని చేసే స్నానం ఉంది. ధర్మపురి లాంటి గోదావరి ఒడ్డు క్షేత్రాల్లో వేదం చదువుకున్న ఇళ్లకు మృత్తికా స్నానం అన్న మాట కొత్త కాదు. గాంధీజీ దక్షిణాఫ్రికాలో ఉన్నప్పటి నుంచీ కడుపు మీద మట్టిపట్టీ వేసుకున్నారు, ఇతరులకూ వేశారు.

అట్లాగని ఇప్పుడు గోదారి ఒండ్రు తెచ్చుకుని, చేలో మన్ను తవ్వుకుని ముఖానికి రాసుకోవద్దు. పత్తి చేలల్లో ఏళ్ల తరబడి పురుగుమందులు పడ్డాయి. పచ్చి మట్టిలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవులు ఉండొచ్చు. చితికిన మొటిమ మీద అలాంటి మట్టి పడటం ప్రమాదం.

సరే, కొనుక్కునే దాంట్లో ఏముంది? ముందువైపు చదివితే ఏమీ తెలియదు, పెట్టె వెనక్కి తిప్పాలి. మన దేశంలో సౌందర్య సాధనాలకు 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలి, 1 శాతం లోపు ఉన్నవాటిని మాత్రం చివర్లో ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. ముల్తానీ మట్టిని ‘సోలమ్ ఫులోనమ్’ అని రాస్తారు. పొడి పొట్లమైతే ఆ ఒక్క పేరే ఉండొచ్చు, ఉంటే మంచిదే. తడి లేపనమైతే మొదట నీళ్లు, తర్వాత కేవొలిన్, బెంటొనైట్, గ్లిజరిన్ వగైరా వస్తాయి. నీళ్లున్న చోట బూజు పట్టకుండా నిల్వమందు కావాలి కాబట్టి ఎక్కడో ఫినాక్సీ ఇథనాల్ కనిపిస్తుంది. దానికి భయపడక్కర్లేదు. పైగా అది మనకో కొలమానం. దాన్ని 1 శాతానికి మించి వాడకూడదు. కాబట్టి మట్టి పేరు దాని తర్వాత వచ్చిందంటే ఆ మట్టి కూడా 1 శాతానికి మించి లేదన్నమాట. ముందువైపు నిలువెత్తు అక్షరాల్లో ముల్తానీ మట్టి అని అచ్చేసి వెనకాల దాన్ని తోకకు కట్టేయడాన్ని నేను మోసం అనే అంటాను.

గులాబీ మట్టి, ఎర్ర మట్టి అని ఎక్కువ ధరకు అమ్ముతారు. ఆ ఎరుపూ గులాబీ ఐరన్ ఆక్సైడ్ వల్ల వచ్చినవే. జాబితాలో సీఐ 77491 అన్న అంకె ఉంటే ఎరుపు విడిగా కలిపారని అర్థం. హాని లేదు, కానీ రంగుకు అదనంగా డబ్బు పెట్టడం దండగ.

సహజం అన్న మాట ఒక్కటే చూసి కూడా కొనొద్దు. 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రెండు బెంటొనైట్ సరుకుల్లో సీసం మోతాదు మించిందని కొనుగోలుదారులను హెచ్చరించింది. నేలలో ఉన్న సీసం మట్టితో పాటే వస్తుంది. అందుకే పేరూ, తయారీ లైసెన్స్ నంబరూ, బ్యాచ్ నంబరూ లేని విడిపొడి ఎంత చవకైనా వద్దు. పొడి కలిపేటప్పుడు దుమ్ము పీల్చకండి, అందులో ఉండే సన్నటి సిలికా ఊపిరితిత్తులకు చేటు. నిమ్మరసం పిండి కలపడం మనిళ్లలో మామూలు. నిమ్మరసం తగిలిన చర్మం మీద ఎండపడితే బొబ్బలు లేచి నల్లమచ్చలు పడొచ్చు. రోజ్‌వాటరో, ఉత్త నీళ్లో చాలు.

మట్టి చర్మాన్ని తెల్లగా చేయదు. జిడ్డు పోయి కాసేపు ముఖం తేటగా కనిపిస్తుంది, రంగు మారదు. ఈ ఒక్క అబద్ధం కోసమే మన ఆడపిల్లలు ఎంత డబ్బు, ఎంత ఆత్మవిశ్వాసం పోగొట్టుకుంటున్నారో తలుచుకుంటే కడుపు మండుతుంది.

ఇంత సమాచారం ఇవ్వాల్సిన జాబితా ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కోరుట్లలో బీడీలు చుట్టే అక్క, సిరిసిల్లలో మరమగ్గాల దగ్గర పనిచేసే చెల్లె దాన్నెట్లా చదవాలి? తెలుగునాట అమ్మే కంపెనీలు తెలుగులోనూ ఆ జాబితా అచ్చేయాలి. అప్పటిదాకా ఇంట్లో చదువుకున్న పిల్లలు ఓ పని చేయండి. అమ్మ కొనే పొట్లం వెనకాల ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి, మట్టి పేరు ఎన్నో స్థానంలో ఉందో చదివి చెప్పండి. మొదటి మూడు నాలుగు పేర్లలో లేకపోతే ఆ డబ్బు ఖర్చు పెట్టొద్దనండి.