ఊపిరికి ఊరట

పెద్దాయనను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు. ఏళ్ళ తరబడి బీడీలు కాల్చిన మనిషి. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు డాక్టర్లు. నాలుగడుగులు వేస్తే ఆయాసం.

భార్య ఆయన్ను మంచం దిగనివ్వడం లేదు. కంచం, గ్లాసు వేరు చేసింది. మనవడిని దగ్గరకు పోనివ్వడం లేదు. పెద్దాయన గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు.

ఒకరోజు నర్సమ్మ వచ్చింది. అంతా చూసింది.

"దగ్గుతో అంటుకునేది క్షయ. ఇది క్షయ కాదమ్మా. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటదు. మనవడిని తాత దగ్గర కూర్చోనివ్వండి" అంది.

ఆయాసం వస్తే ఏం చేయాలి?

కంగారు పడితే ఆయాసం పెరుగుతుంది. ముందు కూర్చోబెట్టాలి. కొంచెం ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించాలి. ముక్కుతో మెల్లగా గాలి పీల్చాలి. పెదాలు సున్నాలా చుట్టి, నోటితో వదలాలి. ఎదురుగా దీపం ఉంటే అది ఊగాలి, ఆరిపోకూడదు. అంత మెల్లగా వదలాలి. ముఖానికి విసనకర్రతో విసిరితే హాయిగా ఉంటుంది.

నడవవచ్చా?

ఎప్పుడూ పడుకునే ఉంటే కండ కరిగిపోతుంది. అప్పుడు చిన్న పనికీ ఆయాసం వస్తుంది. డాక్టరు సరే అంటే రోజూ కొంచెం నడవాలి. మొదట గడప దాకా. తర్వాత అరుగు దాకా. అలసట వస్తే ఆగాలి. స్నానం పీట మీద కూర్చుని చేయాలి.

ఏం పెట్టాలి?

ఒకేసారి కంచం నిండా వద్దు. రోజుకు ఐదారుసార్లు కొంచెం కొంచెం పెట్టాలి. గుడ్డు, పప్పు, పెరుగు బలం ఇస్తాయి. బీడీ ఇప్పుడు మానినా మేలే. పొయ్యి పొగ ఆయన దగ్గరకు రాకూడదు.

నొప్పి ఓర్చుకోవాలా?

అక్కర్లేదు. నొప్పి ఎక్కువైతే డాక్టర్లు మార్ఫిన్ ఇస్తారు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా, చెప్పిన వేళకు వేయాలి. మలబద్ధకం వస్తుంది. దానికీ మందు అడగాలి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. అక్కడ నొప్పికి వైద్యం చేసే విభాగం ఉంది.

దగ్గితే రక్తం పడినా, ఆయాసం ఒక్కసారిగా పెరిగినా, జ్వరం వచ్చినా, ముఖం, మెడ వాచినా ఆలస్యం చేయకూడదు. 108కి ఫోను చేయాలి.

"ఇవన్నీ చేస్తే జబ్బు పోతుందా నర్సమ్మా?" అని అడిగింది భార్య.

"జబ్బు సంగతి డాక్టర్లు చూస్తారు. ఇవి చేస్తే ఆయన రోజు బాగా గడుస్తుంది. మీరూ వేళకు తినండి. రాత్రి కొంతసేపు కొడుకును కూర్చోమనండి. మీరు పడిపోతే ఆయన్ను చూసేదెవరు?"

వారం గడిచింది. పెద్దాయన అరుగు దాకా వచ్చాడు. మనవడు పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు.