గడ్డి మిషను పడుతున్నారా? ముందు కన్ను చూసుకోండి

వానలు పడి చెల్కలు, తోటలు, ఖాళీ ప్లాట్లు మోకాలెత్తు గడ్డితో నిండగానే మా క్యాజువాలిటీకి ఒక రకం కేసులు మొదలవుతాయి. ఈమధ్య ఒక టీచరు గారు వచ్చారు. నల్గొండ దగ్గర ఆయనకు బత్తాయి తోట ఉంది. ఆదివారం కూలీలు దొరక్క తనే బ్రష్ కట్టర్ భుజానికి తగిలించుకున్నారు. కంటికి ఏదో టక్కున తగిలింది. కాసేపు నీళ్లు కారాయి, తర్వాత సర్దుకుంది. ‘ఏం కాలేదు, ఏం కాలేదనుకుంట మూడు రోజులు నెట్టిండు సార్’ అని ఆయన భార్య చెప్పారు. ఆయన వచ్చింది కూడా కంటి కోసం కాదు, షుగర్ మందుల కోసం. ఎర్రబడిన కన్ను చూసి నేనే ఆపాను. ఎక్స్‌రేలో చిన్న ఇనుప ముక్క కనిపించింది, కనుగుడ్డు లోపల.

నైలాన్ దారం మాటిమాటికీ తెగిపోతోందని ఆయన దాని స్థానంలో పాత బైకు క్లచ్ వైరు కట్టారు. గడ్డి చుట్టుకుంటోందని రక్షణ రేకును కూడా విప్పి మోటారు గదిలో పడేశారు. ఈ రెండు పనులూ మన దగ్గర చాలామంది చేసేవే.

దారం కొస వేగం ఎంత?

మిషను తల నిమిషానికి 6,000 సార్లు తిరిగిందనుకోండి. దారం మధ్య నుంచి 20 సెంటీమీటర్లు ఉంటే, దాని కొస గంటకు 450 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్నట్టు లెక్క. నైలాన్ దారం తెగితే మెత్తటి ముక్క ఎగురుతుంది. ఇనుప తీగ తెగితే సూది ఎగురుతుంది. పైగా మన నల్గొండ, పాలమూరు చల్క నేలల్లో పలుగురాళ్లకు కొదవలేదు. మిషను ఆ రాళ్లను నేలమీద నుంచి ఏరి మరీ విసురుతుంది. అందుకే పని జరిగే చోటికి 15 మీటర్ల లోపు ఎవరూ రాకూడదంటారు. నీళ్ల సీసా ఇవ్వడానికి వచ్చే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. పని మొదలుపెట్టే ముందు రాళ్లు, తీగలు, సీసా పెంకులు ఏరేయండి.

రక్షణ రేకుకు ఒక చిన్న కత్తి ఉంటుంది. ఎక్కువైన దారాన్ని అదే కత్తిరిస్తుంది. రేకు తీసేస్తే దారం పొడవు అదుపు తప్పుతుంది, ఇంజన్ మీద భారం పడుతుంది. దారం అయిపోతే చాలా మిషన్లలో తలకింది బొడిపెను నేలకు మెల్లగా తట్టితే సరిపోతుంది. విప్పి చుట్టాల్సి వస్తే ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ క్యాప్ ఊడదీశాకే చెయ్యి పెట్టండి. యాక్సిలరేటర్ వదిలేసినా తల తిరుగుతూనే ఉంటే ఐడ్లింగ్ ఎక్కువైనట్టు. దాన్ని తగ్గించాకే పొలంలోకి దిగాలి. చేత కాకపోతే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఇనుప బ్లేడు వాడేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. బ్లేడు ముందు కుడి అంచు మొద్దుకో రాయికో తగిలితే మిషను మొత్తం ఒక్కసారి పక్కకు విసిరేస్తుంది.

కంటికి తగిలితే...

నేను కంటి డాక్టరును కాను, జనరల్ మెడిసిన్ వాణ్ని. అయినా మొదట చూసేది మేమే కాబట్టి చెబుతున్నాను. వేగంగా వచ్చిన సన్నటి ముక్క కనుగుడ్డులోకి దూరినా పెద్దగా నొప్పి ఉండకపోవచ్చు, చూపు కూడా బాగానే ఉండొచ్చు. మోసపోయేది ఇక్కడే. లోపల ఉండిపోయిన ఇనుము నెలలు గడిచేకొద్దీ రెటీనాను పాడుచేస్తుంది. కాబట్టి టక్కున ఏదైనా తగిలిందంటే అదే రోజు కంటి డాక్టరుకు చూపించాలి. మిషను నడుపుతుండగా తగిలిందని తప్పకుండా చెప్పండి. ఇనుము అనుమానం ఉన్నప్పుడు ఎమ్మారై తీయకూడదు.

రక్తం వచ్చినా, చూపు తగ్గినా, కంటిపాప ఆకారం మారినా నీళ్లతో కడగొద్దు, నలపొద్దు, ఏ చుక్కలూ వేయొద్దు. ఒక కాగితపు కప్పును కంటికి తగలకుండా ఎముకలకు ఆనించి టేపు వేసి, ఆపరేషన్ అవసరం కావచ్చు కాబట్టి ఏమీ తినిపించకుండా బయల్దేరండి. 108కు ఫోన్ చేయొచ్చు.

జిల్లేడు పాలు చిమ్మితే మాత్రం లెక్క వేరు. వెంటనే ధారగా మంచినీళ్లతో ఇరవై నిమిషాలైనా కడగాలి. జిల్లేడు పాలతో నొప్పి లేకుండానే గంటల్లో చూపు మసకబారుతుంది. అందుకే నొప్పి లేదని ఊరుకోకూడదు.

గడ్డిపోచ గీసుకుంటే ఆ రోజు చిన్న విషయమే అనిపిస్తుంది. నాలుగైదు రోజులకు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ వస్తే అది ఫంగస్ కావచ్చు. అప్పుడు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఫంగస్‌కు ఎరువు వేసినట్టే. చనుబాలు, ఆముదం పోయడం, నాలుకతో నలక తీయించడం కూడా వద్దు. ఊళ్లో ఇవన్నీ ఇంకా జరుగుతున్నాయి.

ఇంకొన్ని మాటలు

బైకు మీద పెట్టుకునే చలువ కళ్లద్దాలు చాలవు. పక్కల నుంచి కూడా మూసుకునే పాలీకార్బనేట్ గాగుల్స్ పెట్టుకోండి. జాలీ ముఖకవచం పైన వేసుకోవచ్చు గానీ గాగుల్స్ బదులు అది పనికిరాదు. పెట్రోలు మిషను శబ్దం చెవి దగ్గర 100 డెసిబెళ్ల దాకా ఉంటుంది. అంత శబ్దాన్ని రక్షణ లేకుండా రోజుకు పావుగంట మించి వినకూడదు. చెవులకు ప్లగ్గులు తప్పనిసరి. వయ్యారిభామ పడనివాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు మాస్కు, పొడుగు చేతుల చొక్కా లేకుండా దిగొద్దు.

షుగర్ ఉన్నవాళ్లు చెప్పులతో అసలు దిగొద్దు. పాదానికి తెగినా తెలియక, వారం తర్వాత చీముతో వస్తారు. బూట్లు పాములకూ రక్షణే. గాయమైతే సబ్బునీళ్లతో కడిగి టీడీ ఇంజెక్షన్ వేయించుకోండి.

ఇంజన్ చల్లారాకే పెట్రోలు పోయాలి, అదీ బీడీ, సిగరెట్లకు దూరంగా. పైపుతో నోటితో పీల్చి తీయడం వద్దు. గొంతులోకి పోతే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు తాగించకండి. ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం పెరుగుతుంది, నేరుగా ఆసుపత్రికి తీసుకురండి.

టీచరు గారిని హైదరాబాద్ పంపించాం. ముక్క తీశారు. చూపు కొంత తిరిగొచ్చింది, చదివేటప్పుడు ఆ కన్ను ఇంకా మసకగానే ఉందంటారు. మొన్న షుగర్ పరీక్షకు వచ్చినప్పుడు రక్షణ రేకు మళ్లీ బిగించానని చెప్పారు. క్లచ్ వైరు సంగతి అడిగితే, ‘ఆమె అది బావిలో పారేసింది సార్’ అన్నారు.