ముఖం వెనుక ఇంజను: స్ట్రాస్‌బర్గ్ చెప్పే పాఠం

పెన్సిల్వేనియాలో, స్ట్రాస్‌బర్గ్ ఊరి పక్కన, ఒకే రోడ్డుకు రెండు వైపులా రెండు రైలు సంస్థలున్నాయి. ఒకటి 1832లో ఏర్పడిన స్ట్రాస్‌బర్గ్ రైల్ రోడ్. నేటికీ ఆవిరి ఇంజన్లతో సందర్శకులను తిప్పుతుంది. రెండవది 1975లో తెరిచిన రాష్ట్ర రైల్వే మ్యూజియం. అక్కడి ఇంజన్లు కదలవు. ఇటు వినోదం, అటు చరిత్ర అని గీత గీయడం తేలికే. కాని మూడు ఇంజన్ల కథ తెలిస్తే ఆ గీత నిలవదు.

ఏటా కొన్ని రోజులు అక్కడ పిల్లల బండిని లాగేది నీలిరంగు థామస్. ఆ నవ్వుముఖం వెనుక ఉన్నది బొమ్మ కాదు. 1917లో పోర్టర్ కంపెనీ తయారుచేయగా బ్రూక్లిన్ రేవులో సరుకు పెట్టెలను లాగిన 15వ నంబరు ఇంజను. స్ట్రాస్‌బర్గ్ వారు 1998లో దాన్ని కొని థామస్‌గా మలిచారు. రేవు చరిత్ర రంగు కింద మరుగున పడిందన్న విమర్శలో నిజముంది. అయితే ఆవిరి ఇంజనును నడిపే, బాగుచేసే విద్య అద్దాల బీరువాలో నిలవదు. అది చేతుల్లో బతకాలి. ఆ చేతులకు జీతం టిక్కెట్ల నుంచే రావాలి.

అలాగని అన్నిటినీ నడపలేము. 1905 నాటి 1223వ నంబరు ఇంజను 1989 వరకు ఇక్కడే ప్రయాణికులను లాగింది. తనిఖీలో, బాయిలర్లో నిప్పు మండే భాగపు రేకులు పలచబడ్డాయని తేలింది. మళ్ళీ నడపాలంటే పాత లోహం తీసి కొత్తది వేయాలి. అలా మార్చిన ప్రతి రేకుతోనూ ఆనాటి పనితనానికి సాక్ష్యం కొంత పోతుంది. ఇప్పుడది రోడ్డు దాటి మ్యూజియంలో విశ్రమిస్తోంది.

మరి మ్యూజియంలో ఉన్నదంతా అచ్చమైన చరిత్రేనా? 1905లో గంటకు 127 మైళ్ళు పరుగెత్తిందని పేరుపొందిన అసలు 7002వ నంబరు ఇంజను ఏనాడో తుక్కయింది. ప్రదర్శనల కోసం రైల్వే కంపెనీయే 1902 నాటి 8063కు ఆ నంబరు తగిలించింది. మ్యూజియంలో మనం చూసేది దానినే.

అంటే వేషం రెండు వైపులా ఉంది. తప్పు వేషంలో లేదు, దాన్ని దాచడంలో ఉంది. వేషం వెనుక మనిషి ఎవరో తెలిసినవారికే నాటకం మరింత రక్తికడుతుంది. థామస్‌ను చూసి మురిసిన పిల్లకు, “దీని అసలు పేరు పదిహేను, ఇది బ్రూక్లిన్ రేవులో పనిచేసింది” అని చెప్పగలిగితే, వినోదమే చరిత్రకు తొలి మెట్టవుతుంది.