ఎక్కడ ఆగిపోయారో.. అక్కడే మీ తొలి అవకాశం!

ఓపెన్ సోర్స్ అంటే కోడింగ్‌లో ఆరితేరినవాళ్ల వ్యవహారం అనుకుంటున్నారా? ఆ సాఫ్ట్‌వేర్‌ను కొత్తవాళ్లు ఎలా వాడాలో అర్థమయ్యేలా రాయడమూ అందులో పెద్ద పనే. పెద్ద కాలేజీ పేరు, నగరంలో పరిచయాలు లేకున్నా ఊర్లో కూర్చునే మొదలుపెట్టొచ్చు.

వరికుంటపాడులో ఒక కొత్త మనిషి బస్సు దిగి, మీ ఇంటికి దారి అడిగాడనుకోండి. 'ఇట్నే నేరుగా పోయి, గుడి కాడ ఎడంచేతి పక్కకు తిరుగు నాయనా' అంటాడు అరుగు మీదున్న పెద్దాయన. ఆయన చెప్పింది తప్పేమీ కాదు. కానీ దారిలో రెండు గుళ్లుంటే? ఏ గుడో చెప్పాలన్న ఆలోచనే ఆయనకు రాదు. ఆయన పుట్టినప్పటి నుంచీ తిరుగుతున్న దారి కదా!

సాఫ్ట్‌వేర్‌తో పాటు ఇచ్చే సూచనలు, అంటే డాక్యుమెంటేషన్, చాలాసార్లు ఇలాగే ఉంటుంది. రాసినవాళ్లకు దారి తెలుసు. చదివేవాళ్లకు తెలియదు.

ఇది మీకూ ఎదురై ఉంటుంది. సెలవులకు ఇంటికొచ్చారు. కాలేజీ ప్రాజెక్టుకు ఒక పైథాన్ లైబ్రరీ కావాలి. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, ఉబుంటు ఉన్న పాత ల్యాప్‌టాప్ తెరిచారు. సూచనల్లో ఒకటే లైను.. 'పిప్ ఇన్‌స్టాల్' కమాండ్ ఇవ్వండి అని. ఇచ్చారు. 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అంటూ ఎర్రర్ వచ్చింది. రెండు గంటలు కుస్తీ పట్టారు. డేటా అయిపోయింది. 'నాకు కోడింగ్ అచ్చిరాదు' అనుకుని ల్యాప్‌టాప్ మూసేశారు.

అసలు సంగతేంటంటే.. ఉబుంటు 23.04, డెబియన్ 12 వెర్షన్ల నుంచి సిస్టమ్‌లో ఉన్న పైథాన్‌లోకి పిప్‌తో నేరుగా ప్యాకేజీలు వేయడానికి ఒప్పుకోవు. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తయారుచేసుకుని, అందులో వేసుకోవాలి. మీరు చదివిన సూచనలు ఈ మార్పు రాకముందు రాసినవి. లోపం మీలో లేదు, అక్కడ రాయని ఒక లైనులో ఉంది. ఆ లైను ఎక్కడ రాయాలో ఇప్పుడు మీకు తెలుసు. మీ తొలి అవకాశం అదే.

తెలిసినవాళ్లకు ఎందుకు కనిపించదు?

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక ప్రయోగం చేశారు. కొందరు తమకు తెలిసిన పాట తాళాన్ని బల్లమీద వేళ్లతో కొట్టాలి. ఎదుటివాళ్లు ఆ పాటేదో చెప్పాలి. సగం పాటల్ని గుర్తుపట్టేస్తారని కొట్టినవాళ్లు అంచనా వేశారు. తీరా చూస్తే 120 పాటల్లో 3 మాత్రమే గుర్తుపట్టారు. కొట్టేవాళ్ల మనసులో పాట మొత్తం వినిపిస్తుంటుంది. వినేవాళ్లకు మాత్రం టక్‌టక్ శబ్దమే!

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల ఇబ్బందీ ఇదే. గిట్‌హబ్ 2017లో నిర్వహించిన ఓపెన్ సోర్స్ సర్వేలో 93 శాతం మంది అసంపూర్తిగా ఉన్న, పాతబడిన డాక్యుమెంటేషన్ ఓ సమస్య అని చెప్పారు. అయినా ప్రాజెక్టుల్లో పాలుపంచుకునేవారిలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్ జోలికి అరుదుగా వెళ్తామని, లేదా అసలే వెళ్లమని ఒప్పుకున్నారు. అవసరం అందరికీ ఉంది, చేసేవాళ్లు తక్కువ. ఉద్యోగం వెతుక్కునేవాళ్లు గమనించాల్సిన ఖాళీ ఇదే.

తెలుగులో ఇప్పటికే జరుగుతున్న పని

కొత్తవాళ్లను దృష్టిలో పెట్టుకుని సూచనలు ఎలా తయారుచేయాలో చూడాలంటే ఐఐటీ బాంబే 'స్పోకెన్ ట్యుటోరియల్' ప్రాజెక్టును చూడండి. ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య నాయకత్వంలో మొదలైంది. లైనక్స్, లిబ్రే ఆఫీస్, పైథాన్, సీ, జావా.. ఇలా ఓపెన్ సోర్స్ అంశాలపై సుమారు పది నిమిషాల వీడియో పాఠాలు ఇందులో ఉంటాయి. పక్కన ఉపాధ్యాయుడు లేకున్నా, ఒక విండోలో పాఠం వింటూ మరో విండోలో చేసుకుంటూ పోవచ్చు. తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లోకి వీటిని డబ్ చేశారు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి.. మాట తెలుగులో ఉన్నా, తెర మీది సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. రేపు ఉద్యోగంలో వాడాల్సింది అదే కాబట్టి. రెండు.. రికార్డింగ్‌కు ముందు ఆ పాఠం స్క్రిప్టును విషయం తెలియని ఒక కొత్త వ్యక్తి చేత పరీక్షింపజేస్తారు. ఆ వ్యక్తి ఎక్కడ ఆగితే అక్కడ స్క్రిప్టు మారుతుంది. అంటే తెలియకపోవడమే అక్కడ అర్హత!

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే 'స్వేచ్ఛ' సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసుకురావడంలోనూ విద్యార్థులు, వలంటీర్ల శ్రమ ఉంది. వీళ్లంతా ఒకప్పుడు కొత్తవాళ్లే.

మీకే కనిపించే లోపాలు

వేగవంతమైన ఇంటర్నెట్, ఖరీదైన ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు తట్టని విషయాలు మీకు తడతాయి. అవి..

- డౌన్‌లోడ్ సైజు: రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో నెట్టుకొచ్చేవాళ్లకు ఇది ముందే తెలియాలి. సగం దిగాక ఆగిపోతే ఆ రోజు వృథా.

- సిస్టమ్ అవసరాలు: ఎంత ర్యామ్ కావాలి, ఏ వెర్షన్ల మీద పరీక్షించారు అన్నది మొదటి పేరాలోనే ఉందా?

- విండోస్ వాడేవాళ్ల సంగతి: పైథాన్ లేని విండోస్‌లో కమాండ్ విండో తెరిచి 'పైథాన్' అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. కొత్తవాళ్లు ఇక్కడే బిత్తరపోతారు. సూచనల్లో దాని ఊసు ఉందా?

- 'సింపుల్‌గా ఇలా చేయండి' లాంటి మాటలు: సింపుల్ అన్న పని చేయలేకపోతే చదివేవాళ్లు తమనే తప్పుపట్టుకుంటారు. ఆ మాట తీసేసినా అర్థం చెడదు.

- బొమ్మల్లో మాత్రమే ఉన్న సమాచారం: ఎర్రర్‌ను, కమాండ్‌ను స్క్రీన్‌షాట్‌గా పెడితే కాపీ చేసుకోలేం, వెతకలేం. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాడే అంధ విద్యార్థులకు అది అసలే అందదు. అక్షరాల్లో రాయాలి, బొమ్మకు వివరణ జోడించాలి.

ఎలా మొదలుపెట్టాలి?

1. మీరు ఇప్పటికే వాడుతున్న సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకోండి. పేరున్న ప్రాజెక్టు కదా అని తెలియని దాంట్లో తల దూర్చొద్దు.

2. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏం చేశారు, ఏం జరుగుతుందనుకున్నారు, ఏం జరిగింది, ఎలా పరిష్కరించారు.. ఈ నాలుగూ అదే రోజు రాయండి. మీ సిస్టమ్ పేరు, వెర్షన్ కూడా. వారం ఆగితే మీరూ 'తెలిసినవాళ్లు' అయిపోతారు. ఎక్కడ తికమకపడ్డారో గుర్తుండదు.

3. డాక్యుమెంటేషన్ తాజా వెర్షన్ చూడండి. ఆ లోపాన్ని ఎవరైనా ఇప్పటికే సరిచేశారేమో, ఫిర్యాదు చేశారేమో వెతకండి.

4. ప్రాజెక్టులో 'కాంట్రిబ్యూటింగ్' అనే ఫైల్ ఉంటే పూర్తిగా చదవండి. మార్పులు ఎలా పంపాలో అందులో ఉంటుంది.

5. గిట్‌హబ్‌లో ఉన్న ప్రాజెక్టయితే, లాగిన్ అయ్యి ఆ ఫైల్ దగ్గరున్న పెన్సిల్ గుర్తు నొక్కి బ్రౌజర్‌లోనే మార్చొచ్చు. మార్పు ఎందుకు అవసరమో రెండు మూడు వాక్యాల్లో రాసి పంపండి. దీన్నే పుల్ రిక్వెస్ట్ అంటారు. మార్పు పెద్దదైతే ముందు 'ఇష్యూ'గా రాసి, వాళ్ల అభిప్రాయం అడగండి.

6. ఓపిక పట్టండి. చాలా ప్రాజెక్టుల్ని చూసుకునేది ఖాళీ సమయంలో పనిచేసే వలంటీర్లే. సవరణలు అడిగితే చేసి పంపండి. వద్దంటే కారణం తెలుసుకోండి. అదీ పాఠమే.

మరీ చిన్న పనితో మొదలుపెట్టాలనుకుంటే 'టీఎల్‌డీఆర్ పేజెస్' ప్రాజెక్టు చూడండి. ఒక్కో కమాండ్‌కు గరిష్ఠంగా 8 ఉదాహరణలతో చిన్న పేజీలు ఉంటాయక్కడ. క్లుప్తంగా రాయడం అలవాటవుతుంది.

ఏది రాస్తున్నారో తేల్చుకోండి

డాక్యుమెంటేషన్ నాలుగు రకాలుగా ఉండాలని డానియెలే ప్రోచిడా అనే నిపుణుడు 'డయాటాక్సిస్' పద్ధతిలో చెబుతారు. బైకు ఉదాహరణతో చూద్దాం. ఖాళీ మైదానంలో వెనక అన్న పట్టుకుని నేర్పడం.. ట్యుటోరియల్. పంక్చర్ పడితే టైరు ఎలా విప్పాలో వరసగా చెప్పడం.. హౌ-టు గైడ్. ట్యాంకులో ఎన్ని లీటర్లు పడుతుంది, టైర్లలో గాలి ఎంత ఉండాలి అన్న పట్టిక.. రిఫరెన్స్. ఇంజిన్ ఎందుకు వేడెక్కుతుందో చెప్పడం.. వివరణ. బైకు ఎక్కడమే రానివాళ్ల చేతిలో గాలి పట్టిక పెడితే ఏం లాభం? చాలాచోట్ల కొత్తవాళ్లు తప్పిపోయేది ఈ నాలుగూ కలగాపులగం అయినందుకే.

ఈ పని మాత్రం వద్దు!

2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ సందర్భంగా 4 పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్ట్ ఇస్తామన్నారు. దాని కోసం వేలమంది రీడ్‌మీ ఫైళ్లలో 'అమేజింగ్ ప్రాజెక్ట్' లాంటి మాటలు చేర్చి పంపారు. వాటిని తిప్పికొట్టలేక నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. చివరికి అంగీకరించిన ప్రాజెక్టులకే వర్తించేలా నిబంధన మార్చాల్సి వచ్చింది. 2024 మొదట్లో 'ఎక్స్‌ప్రెస్' ప్రాజెక్టుకూ ఇలాంటి బెడదే. ఒక వీడియో పాఠం చూసిన విద్యార్థులు తమ పేరును రీడ్‌మీలో చేర్చి పంపుతూపోయారు. వాళ్లలో మనదేశం వాళ్లే ఎక్కువగా కనిపించారు. మీ ఖాతాలో ఇలాంటివి ఉంటే రెజ్యూమెకు మేలు కన్నా చేటే ఎక్కువ. అవి ఎవరైనా చూడొచ్చు.

ఏఐతో రాయించిన పేరాను చదవకుండా పంపడమూ ఇలాంటిదే. భాష దిద్దుకోవడానికి వాడుకోండి. కానీ రాసిన ప్రతి కమాండ్‌నూ మీ మెషీన్ మీద నడిపి చూశాకే పంపండి.

ఉద్యోగానికి పనికొస్తుందా?

ఒక్క లైను సరిచేస్తే ఆఫర్ లెటర్ రాదు. ఆ మాట ముందే చెప్పాలి. కానీ ఆరు నెలల్లో నాలుగైదు మంచి మార్పులు చేస్తే, వాటి లింకులు మీ దగ్గర ఉంటాయి. టెక్నికల్ రైటర్, సపోర్ట్ ఇంజినీర్, డెవలపర్ రిలేషన్స్ లాంటి ఉద్యోగాలకు అది నేరుగా సాక్ష్యం. డెవలపర్ పోస్టులకు వెళ్లినా, ఇతరుల కోడ్ చదివి, అర్థం చేసుకుని, నలుగురితో కలిసి పనిచేయగలరని చెబుతుంది.

రెజ్యూమెలో 'ఓపెన్ సోర్స్‌లో పాల్గొన్నాను' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. 'ఫలానా లైబ్రరీ ఇన్‌స్టలేషన్ పేజీలో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ దశ లేదని గుర్తించి చేర్చాను. ప్రాజెక్టు ఆమోదించింది' అని రాసి లింకు ఇవ్వండి. ఇంటర్వ్యూలో అడిగేందుకు వాళ్లకూ, చెప్పేందుకు మీకూ విషయం ఉంటుంది.

అవకాశాలూ గమనిస్తుండండి. ఐఐటీ బాంబేలోనే నడిచే 'ఫాసీ' ప్రాజెక్టు, పాఠ్యపుస్తకాల్లోని లెక్కల్ని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లో చేసిచ్చే విద్యార్థులకు పారితోషికం ఇస్తూ వచ్చింది. 'ఔట్‌రీచీ' ఇంటర్న్‌షిప్‌లు ఇంటి నుంచే చేసేవి, వేతనం ఉంటుంది. డాక్యుమెంటేషన్ పనులూ ఉంటాయి. అర్హతలు, గడువులు మారుతుంటాయి కాబట్టి అధికారిక వెబ్‌సైట్లలో చూసి దరఖాస్తు చేసుకోండి.

ఇంగ్లిష్ భయమా? డాక్యుమెంటేషన్‌కు కావాల్సింది చిన్న వాక్యాలు, సరైన వరస. ముందు తెలుగులో రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో పెట్టుకోండి. ఆ తెలుగు ప్రతినీ పారేయొద్దు. మీ జూనియర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టండి. దాన్ని చూసి ఒక్కరు ఇన్‌స్టాల్ చేసుకోగలిగినా మీరు రాసింది సరిగ్గా ఉన్నట్టే. ఎక్కడైనా ఆగితే ఆ లైను మార్చాలన్నమాట.

ఈసారి ఎర్రర్ వస్తే ల్యాప్‌టాప్ మూయకండి. నోట్‌బుక్ తెరవండి. మీ వెనక మరొకరు అదే దారిలో వస్తున్నారు. వాళ్లకు గుడి అని ఊరుకోకుండా, ఏ గుడో చెప్పండి.