సవరల గురువు గిడుగు వారు

రాయపూరు నుండి విజయనగరం వరకు సాగే రైలుమార్గం మా డబ్ల్యూఆర్ఎస్ కాలనీ తెలుగు కుటుంబాలకు పుట్టింటి దారి. 1931లో పూర్తయిన ఈ మార్గం రాయగడ, పార్వతీపురం కొండసీమల మీదుగా పోతుంది. ఆ సీమలోని సవరలకు వారి భాషలోనే చదువు చెప్పించిన మహనీయుడు ఒక బడిపంతులు. వారే గిడుగు వేంకట రామమూర్తి గారు.

వ్యావహారిక భాషోద్యమ సారథిగా గిడుగు వారు పాఠక మిత్రులకు సుపరిచితులే. వారి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. అయితే వారి సేవాజీవితంలోని మరొక పార్శ్వాన్ని స్మరించడమే మా ఉద్దేశం.

1863లో శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించిన గిడుగు వారు బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. విజయనగరంలో గురజాడ అప్పారావు గారితో కలిసి చదివారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి 1911 వరకు పనిచేశారు.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలోని సవరలు మాట్లాడేది ముండా కుటుంబానికి చెందిన భాష. దానికి నాడు లిపి లేదు. పంతులుగారు ఆ భాష తెలిసినవానిని ఇంట ఉంచుకొని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు సిద్ధం చేశారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు తామే చెల్లించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి పెట్టించవలసిందని కోరారు.

ఈ సేవకు వారు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. కొండలలో తిరుగుతూ మలేరియా బారినపడి, క్వినైను అధికంగా వాడినందున వినికిడి శక్తిని కోల్పోయారు. ధ్వనులే ఆధారమైన శాస్త్రంలో కృషి చేసేవారికి ఇంతకంటె పెద్ద నష్టమేముంటుంది? అయినా వారు వెనుదీయలేదు. సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. సవర నిఘంటువు 1938లో వచ్చింది.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, జీవితమంతా గడిపిన ఊరిని విడిచి వారు రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న తనువు చాలించారు.

మేము ఇంజనీర్లము. పనివానికి అర్థం కాని మాటలతో చెప్పిన సూచన ఎంత శాస్త్రీయమైనదైనా షాపులో పనికిరాదని మాకు అనుభవమే. బడిలోనూ అంతే. గిడుగు వారు శతాబ్దం క్రితమే గ్రహించిన సత్యమిది.

ఇక మన సంగతి. కాలనీలోని మన పిల్లలు బడిలో హిందీ, ఆంగ్లం చదువుతారు. ఇంట తెలుగు వింటారు, మాట్లాడతారు. కాని తాతగారు దాచిన పాత ఉత్తరాన్ని వారి చేతికిస్తే చదవలేరు. ఇంకొక తరం గడిస్తే వినడమూ కరవగునేమో! లిపి లేని భాషకే వాచకాలు వ్రాసి బడులు నడిపిన ఉపాధ్యాయుడు మన వాడని గర్వించే మనము, వెయ్యేండ్ల సాహిత్యమున్న భాషను మన పిల్లలకు అందించలేమా? ఆదివారం ఒక గంట, ఒక పలక, నలుగురు పిల్లలు, ఓపికగల ఒక పెద్ద చాలు.

అయితే గిడుగు వారు తమ భాషను ప్రేమించడంతో ఆగలేదు, పొరుగువారి భాషనూ నేర్చారు. మనకు అన్నం పెట్టిన ఈ గడ్డపై ఛత్తీస్‌గఢీ మాటలు నాలుగు నేర్వడం కూడా ఆ మహనీయునికి మనమర్పించగల నివాళియే.