మిరప విత్తనం చెడితే మునిగేదెవరు?

గుంటూరు, పల్నాడు, ప్రకాశం నల్లరేగడి చేలల్లో మిరప దెబ్బతినగానే వానో, పురుగో కారణమంటారు. అది కొంత నిజమే. కానీ చాలా చోట్ల చేటు నారుమడిలోనే మొదలవుతోందని మేము ఊరూరా చెబుతున్నాం.

సూటిరకమైతే ఎకరం నాటడానికి 650 గ్రాముల విత్తనం సెంటు మడిలో పోయాలని లాం ఫారం వాళ్ళ సిఫార్సు. ఏడాది బతుకంతా ఆ కాసిని గింజల మీదే. కాయకుళ్ళు, కొమ్మఎండు తెచ్చే బూజు గింజనంటుకునే మరుసటి పంటకు చేరుతుంది. వానకు తడిసి కల్లంలో సరిగా ఎండని కాయ గింజ మొలవదు, మొలిచినా నారు నిలవదు. సర్టిఫైడ్ విత్తనం నూటికి 60 అయినా మొలవాలి, తేమ 8 శాతం మించకూడదు. తడి గోనెగుడ్డలో నూరు గింజలు చుట్టి రెండు వారాలు చూస్తే లెక్క తేలిపోతుంది. దీనికి ఏ ఆఫీసరూ రానక్కర్లేదు.

సొంత విత్తనం తీసేవాళ్ళు తెగులు లేని మొక్కల పండుకాయలే ఏరాలి. లీటరు నీళ్ళలో 150 గ్రాముల ట్రైసోడియం ఆర్థోఫాస్ఫేటు కలిపి కిలో గింజలు 20 నిమిషాలు నానబెట్టి, బాగా కడిగి, నీడన ఆరబెట్టాలి. ఆపైన 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించాలి. హైబ్రిడ్ గింజ మాత్రం దాచొద్దు. మరుసటేడు ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, కాయ తీరుకొకటి. అందుకే ఏటా కంపెనీ గుమ్మం తొక్కాల్సి వస్తోంది.

పంట పోతే రైతు అప్పులపాలవుతాడని అందరూ అంటారు. కోత కూలీల మాట ఎవరెత్తుతారు? కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో వచ్చి చేల పక్కన గుడిసెలు వేసుకునే జనానికి కాపు లేకపోతే పనిరోజులే ఉండవు. తాలుకాయ ఎక్కువై ధర పడితే ముందు తెగేది వాళ్ళ కూలే.

1966 విత్తన చట్టంలో అమ్మినవాడికి శిక్ష ఉంది గాని రైతుకు పరిహారం లేదు. 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు, రైతు వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చని తేల్చింది. ఆ కేసు మన రాష్ట్రపు రైతులదే. కొన్న గింజంతా చల్లేసిన రైతు పరీక్షకని కొంత దాచి ఉంచుతాడని అనుకోకూడదనీ చెప్పింది.

అయితే బిల్లు ఎవరి పేర ఉంది? పొలం కౌలుదారుడు చేస్తాడు, కాగితాలన్నీ ఆసామి పేరునే. 2019 సాగుదారు హక్కుల చట్టం కూడా కార్డుకు భూయజమాని సంతకమే అడిగింది. కనుక కౌలు రైతులు విత్తనం బిల్లు తమ పేరునే రాయించుకోవాలి. లాటు నంబరున్న పాకెట్టు, బిల్లు ఆఖరి కోత దాకా భద్రంగా పెట్టాలి. షాపువాడు బిల్లు ఇవ్వనంటే పదిమందీ కలిసి వెళ్ళి అడగండి.