పెన్సిల్ సెల్లు పోయాక

నిజామాబాద్, ఆర్మూర్, బోధన్ చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయినవాళ్లు లేని ఊరు అరుదు. సెలవుకు వచ్చేటప్పుడు పిల్లల కోసం తెచ్చే సామానులో చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ కూడా ఉంటుంది. అది చెడిపోతే తీసుకుపోవడానికి దగ్గర్లో కంపెనీ సర్వీస్ సెంటర్ ఉండదు. ఇక ఇంట్లోనే స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది. విప్పి చూడాలన్న ఆ కోరిక నాకు చాలా ఇష్టం. కాకపోతే విప్పుతున్నది ఏ కాలపు మిషనో తెలిసి విప్పాలి. 40 ఏళ్లలో దీని స్వభావమే మారిపోయింది.

జపాన్ కంపెనీ నింటెండోలో గున్‌పెయ్ యొకొయ్ అనే ఇంజనీరు, రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతుంటే చూశాడు. ఆ ఆలోచనే 1980లో ‘గేమ్ అండ్ వాచ్’ అయింది. చవకబడి అందరికీ అలవాటైన విడిభాగాలతోనే కొత్త పని చేయించాలన్నది ఆయన పట్టు. 1989 ఏప్రిల్ 21న వచ్చిన గేమ్ బాయ్ కూడా అలా పుట్టిందే: రంగుల్లేని తెర, నాలుగు పెన్సిల్ సెల్లు. మరుసటి ఏడాది సెగా కంపెనీ తెచ్చిన రంగుల గేమ్ గేర్ ఆరు సెల్లు మింగి కొద్ది గంటల్లోనే ఆగిపోయేది. గేమ్ బాయ్ పది గంటలు దాటి ఆడేది.

గేమ్ బాయ్‌ను విప్పి చెడగొడితే పోయేది గేమ్ బాయ్ ఒక్కటే. తెర మీద కొన్ని నిలువు గీతలు కనబడకుండా పోవడం దానికి మామూలు జబ్బు. తెర కింది అంచున ఉన్న పలుచని రిబ్బన్ మీద సోల్డరింగ్ ఐరన్ మెల్లగా జరిపితే ఊడిన అతుకు మళ్లీ అంటుకుంటుంది. వేడి ఎక్కువైతే తెర పోతుంది, అంతే. గల్ఫ్ యుద్ధంలో బాంబు దాడికి పెట్టె కరిగిపోయిన ఒక గేమ్ బాయ్, న్యూయార్క్‌లోని నింటెండో దుకాణంలో ఏళ్ల తరబడి పనిచేస్తూ ప్రదర్శనలో ఉండేది.

2003లో గేమ్ బాయ్ అడ్వాన్స్ ఎస్‌పీతో పెన్సిల్ సెల్ల స్థానంలోకి లిథియం అయాన్ బ్యాటరీ వచ్చింది. ఒక్క స్క్రూ తీస్తే అది చేతికొచ్చేది. 2004 నాటి సోనీ పీఎస్‌పీలో మూత జరిపితే చాలు. 2017లో వచ్చిన నింటెండో స్విచ్‌లో మాత్రం బ్యాటరీని లోపల జిగురుతో అతికించారు. దాని శక్తి 16 వాట్-గంటలు, అంటే 57,600 జౌళ్లు. లీటరు నీటిని దాదాపు 14 డిగ్రీలు వేడెక్కిస్తుంది. గంటల తరబడి కొద్దికొద్దిగా ఖర్చయితే అది ఆట. క్షణాల్లో బయటపడితే మంట.

ఆ బ్యాటరీలో ధన, రుణ ధ్రువాల రేకుల మధ్య ఉండేది మిల్లీమీటరులో యాభయ్యో వంతు మందం ఉన్న ప్లాస్టిక్ పొర. స్క్రూడ్రైవర్ మొన దిగితే రేకులు తాకి వేడి పుడుతుంది. ఒక హద్దు దాటాక లోపలి రసాయన చర్యలు తమ వేడితో తామే పెరుగుతాయి. ద్రావకం మండుతుంది, విషవాయువులు వస్తాయి. వయసు మీరిన బ్యాటరీలో ద్రావకం విడిపోయి వాయువవుతుంది, సంచి ఉబ్బుతుంది. నిండా చార్జి చేసి వేడిలో వదిలేస్తే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మే నెల నిజామాబాద్‌లో రేకుల గదిలోనో బండి డిక్కీలోనో గేమ్ పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. వెనక మూత పైకి లేస్తోందంటే బ్యాటరీ ఉబ్బిందని అనుమానించాలి. దాన్ని నొక్కి చదును చేయడం, గాలి పోవాలని పొడవడం అన్నింటికన్నా ప్రమాదం.

1937లో స్థాపించి 2015 చివర్లో మూతపడ్డ బోధన్ నిజాం షుగర్స్‌లాంటి ఫ్యాక్టరీలో, ఆవిరి ఒత్తిడి దింపకుండా ఏ ఫిట్టరూ బాయిలర్ బోల్టు మీద పానా పెట్టడు. ఇక్కడా అదే వరస. చార్జి 25 శాతం కంటే కిందికి దింపాలి. మూత తీయగానే, ఇంకేదీ ముట్టకముందే, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. స్క్రూలు ఏ రంధ్రంలోవి ఆ రంధ్రానికే పోవాలి. పొడవాటిది పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డులోకి దిగుతుంది. జిగురు వదలడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి ఆగి, ప్లాస్టిక్ కార్డుతో లేపాలి. ఇనుప కత్తి వద్దు. పొగ వస్తే గేమ్ మీద ఆశ వదిలి మనుషుల్ని బయటికి పంపాలి.

జాయ్‌స్టిక్ మార్చడం, మీటలు శుభ్రం చేయడం ఓపికున్నవాళ్లు ఇంట్లో చేసుకోవచ్చు. ఉబ్బిన బ్యాటరీని మాత్రం చేయి తిరిగిన మెకానిక్‌కే ఇవ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. పాతదాన్ని చెత్తబండిలో వేయకండి. నలిగి అంటుకుంటే కాలేవి పారిశుధ్య కార్మికుల చేతులు.

స్టీమ్ డెక్ అనే గేమ్ మిషన్ తయారుచేసే వాల్వ్ కంపెనీ 2021లో తానే దాన్ని విప్పి చూపిస్తూ ఒక వీడియో పెట్టింది. విప్పే హక్కు మీకుంది, కానీ విప్పొద్దన్నదే మా సలహా అని అందులో చెప్పింది. ఆ రెండు మాటలూ ఒకే నోట రావాల్సిన అవసరం తయారీలోనే పుట్టింది. యూరప్ ఆ తయారీనే మార్చమంటోంది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే చిన్న పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉంచాలన్నది నిబంధన, కొన్ని మినహాయింపులతో. అలాంటి మిషన్లు గల్ఫ్ సూట్‌కేసుల్లో మన జిల్లాకూ రావాలి.